గంటకు నాలుగు కిలోమీటర్లు

తవిటినాయుడు గెడ్డపాలెం డిపోలో ఇరవై ఆరేళ్లుగా డ్రైవరు. ఆ ఇరవై ఆరేళ్లూ ఆయనది ఒకటే రూటు. కింద గెడ్డపాలెం, మీద కొండజీలుగ, మధ్యలో పద్దెనిమిది కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఇరవై మూడు మలుపులు. మలుపుల్ని పైనుంచి కిందికి లెక్కపెట్టడం అక్కడివాళ్ల అలవాటు. ఎక్కడ గేరు మార్చాలో, ఎక్కడ హారన్ కొట్టాలో, ఎక్కడ ఎదుటి బండికి దారివ్వాలో ఆయన కాళ్లకీ చేతులకీ తెలుసు. అందుచేత బుర్రకి బోలెడంత తీరిక ఉండేది. ఆ బుర్రలో ఆరేళ్లుగా తొమ్మిదో మలుపు గోడ తప్ప ఇంకోటి లేదు.

ఆరేళ్ల కిందటి తుపానుకి అక్కడి పిట్టగోడ ముప్పై అడుగుల మేర లోయలోకి జారిపోయింది. రోడ్ల శాఖవాళ్లు వచ్చారు, చూశారు, ఏడు ఖాళీ తారు డబ్బాలు వరసగా నిలబెట్టి సున్నం కొట్టి వెళ్లారు. వాటిలో మూడు డబ్బాల్ని ఎవరో పట్టుకుపోయి నీళ్లు కాచుకోవడానికి వాడుకుంటున్నారు. తవిటినాయుడు ఏడాదికి రెండు అర్జీలు పెట్టేవాడు. ప్రతి అర్జీకీ అందినట్టు కాగితం వచ్చేది. గోడ మాత్రం వచ్చేది కాదు.

ఇలా ఉండగా, ఒక వేసవిలో క్యాబేజీల లారీ ఒకటి సరిగ్గా ఆ ఖాళీలోంచి ముందు చక్రాలు జార్చుకుని ఒక చెట్టుకి తట్టుకుని ఆగింది. డ్రైవరుకి భుజం విరిగింది. క్యాబేజీలు లోయ అడుగుదాకా దొర్లాయి. ఆ ఫొటో పేపర్లో రంగుల్లో పడింది. లోయ నిండా క్యాబేజీలు చాలా అందంగా వచ్చాయి. వారం తిరక్కుండా ప్రభుత్వం 'ఘాట్ రహదారి వేగ నిర్ధారణ మరియు చోదక భద్రతా సమీక్షా సంఘం' అని ఒకటి వేసింది. అందులో డ్రైవర్ల తరఫున ఒకరు ఉండాలని రాసి ఉండడంతో డిపో మేనేజరు తవిటినాయుణ్ణి పంపించాడు.

మొదటి సమావేశం జిల్లా కేంద్రంలో, చల్లటి హాలులో జరిగింది. సంఘానికి అధ్యక్షులు చక్రపాణిగారు. పెద్ద హోదాలో రిటైరై, ఇలాంటి సంఘాలకి అధ్యక్షత వహించడంలో ఆరితేరినవారు. ఘాట్ రోడ్డు ఎలా ఉంటుందో ఆయన మ్యాపులో శ్రద్ధగా చూశారు.

"వేగమే ప్రమాదాలకు మూలహేతువు," అని ఆయన ప్రారంభించారు. "కావున సమగ్ర దృక్పథంతో, సంబంధిత శాఖల సమన్వయంతో, వేగాన్ని శాస్త్రీయంగా నిర్ధారించవలసిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది."

రోడ్ల శాఖ ఇంజనీరు విశ్వనాథం ముప్పై కిలోమీటర్లు చాలన్నాడు. రవాణా శాఖ అధికారి ముప్పై ఐదు ఉండాలన్నాడు. రెండు గంటలు వాదించుకున్నారు. ఎవరు తగ్గినా ఆ శాఖ మొత్తం తగ్గినట్టే కాబట్టి ఎవరూ తగ్గలేదు. చివరికి చక్రపాణిగారు ఉభయ శాఖల గౌరవానికీ భంగం రాకుండా ముప్పై రెండున్నర దగ్గర తెగ్గొట్టారు. అందరూ బల్ల చరిచారు.

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. "సార్, మా బస్సులో స్పీడు చూపించే ముల్లు పనిసెయ్యక తొమ్మిదేళ్లయింది. పనిసేసే బండ్లల్లో అరకి గీత ఉండదు. అది అలాగుంచండి. ఆ లారీ స్పీడుకి పడ్నేదు సార్. ఎదర జీపొస్తే పక్కకి తీసినాడు. తీసిన కాడ గోడ నేదు. గోడ కట్టండి సార్."

చక్రపాణిగారు చిరునవ్వు నవ్వారు.

"మీ భావన ప్రశంసనీయం. అయితే మన సంఘం పేరులో వేగం ఉన్నది, భద్రత ఉన్నది. గోడ లేదు. దీనిని 'ఇతర అంశములు' శీర్షిక కింద నమోదు చేస్తాము."

నమోదు చేశారు.

నెల తిరిగేలోగా ఘాట్ రోడ్డు మీద ముప్పై రెండున్నర అని రాసిన బోర్డులు నలభై ఆరు మొలిచాయి. ఒక్కోటి తలుపంత ఉంది. తొమ్మిదో మలుపులో ప్రమాదం జరిగింది కాబట్టి అక్కడ రెట్టింపు సైజుది పెట్టారు. దాంతో ఎదురుగా వచ్చే బండి ఆ బోర్డు చాటున పడి కనిపించడం మానేసింది. మూడో వారంలో టూరిస్టుల జీపొకటి ఎదురొచ్చిన బస్సుని చివరి క్షణందాకా చూడలేక, తప్పుకోబోయి ఆ బోర్డునే గుద్దుకుంది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. బోర్డుకి మాత్రం సొట్ట పడింది. అది ప్రభుత్వ ఆస్తి కాబట్టి సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

ఈసారి చక్రపాణిగారు ఒక నివేదికతో వచ్చారు. పదేళ్లలో ఆ ఘాట్‌లో జరిగిన ప్రమాదాలన్నిటినీ వేగాల వారీగా పట్టిక వేయించారు. ముప్పైలో ప్రమాదాలున్నాయి, ఇరవైలో ఉన్నాయి, పదిలోనూ రెండున్నాయి.

"కానీ గమనించండి," అన్నారు ఆయన కళ్లద్దాలు సవరించుకుంటూ. "ఇదే రహదారిపై తరతరాలుగా మనుషులు నడుస్తున్నారు. నడిచే మనిషి మరొకరిని గుద్ది చంపిన దాఖలా ఒక్కటీ లేదు. సగటు మానవుని నడక గంటకు నాలుగు కిలోమీటర్లు. ప్రకృతే మనకు సురక్షిత వేగాన్ని నిర్దేశించినది."

విశ్వనాథం ఉత్సాహం ఆపుకోలేక, సున్నా పెడితే ఇంకా సురక్షితం కదా అన్నాడు. చక్రపాణిగారు ఆయన్ని కోపంగా చూశారు. "మనం అభివృద్ధికి వ్యతిరేకులం కాము," అన్నారు.

తవిటినాయుడు మళ్లీ లేచాడు. ఆ స్పీడులో కొండెక్కితే ఇంజను ఉడికిపోతుందనీ, పొద్దుటి బస్సు మధ్యాహ్నానికి దిగుతుందనీ చెప్పాడు. చివర్లో గోడ మాట కూడా ఎత్తాడు.

"నాయుడుగారూ, మీరు శాస్త్రీయంగా ఆలోచించడం లేదు," అన్నారు చక్రపాణిగారు ఎంతో ఓపికగా. "ఈ వేగంలో గోడ అవసరమేమున్నది? వాహనం లోయలో పడదలచుకున్నా నాలుగు కిలోమీటర్ల వేగంతోనే పడవలసి ఉంటుంది."

ఉత్తర్వు వచ్చింది. అందులో మినహాయింపు కూడా ఇచ్చారు. అత్యవసర వాహనాలు అత్యవసరంగా గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో వెళ్లవచ్చునట.

వేగాన్ని కొలవడానికి బస్సుల్లో ముల్లు లేదు కాబట్టి బస్సు ముందు ఒక మనిషి నడవాలని నిర్ణయించారు. ఆ ఉద్యోగం పేరు వేగసాక్షి. దిగేటప్పటి సాక్షిగా కొండజీలుగకి చెందిన గంగులు అనే మనిషి కుదిరాడు. యాభై దాటినవాడు, కుడి మోకాలు నొప్పి, మాట తక్కువ. అతని చేతికి పచ్చజెండా ఒకటి, రిజిస్టరు ఒకటి ఇచ్చారు. అతనికి రాయడం అంతంతమాత్రమని, రిజిస్టరులో ఏ మలుపుకి ఎన్నింటికి చేరాలో టైములు ముందే అచ్చువేయించారు. మొదటి మలుపు ఎనిమిది పన్నెండు. తొమ్మిదో మలుపు తొమ్మిది నలభై ఆరు. చివరికి గెడ్డపాలెం పన్నెండున్నర. పక్కన గంగులు సంతకం పెడితే చాలు.

ఆ సోమవారం నుంచి కొండజీలుగలో ఎనిమిదింటికి బయల్దేరే నైట్ హాల్ట్ బస్సు గంగులు వెనకాల నడవడం మొదలుపెట్టింది. మొదట్లో జనం తిట్టుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. టికెట్ తీసుకుని సీట్లో తువ్వాలు వేసి, అడ్డదారిన కొండ దిగి, నాలుగో మలుపులో టీ తాగి, ఆరో మలుపులో పసుపు బేరమాడి, పన్నెండో మలుపులో బస్సెక్కి కునుకు తీసేవాళ్లు. ఇద్దరు ముసలివాళ్లు ఒకే సీటులో వారం రోజులు ప్రయాణం చేసి మనవడికీ మనవరాలికీ సంబంధం ఖాయం చేసుకున్నారు. కండక్టరు నీలవేణి ఒక స్వెట్టరు అల్లడం పూర్తిచేసి రెండోది మొదలుపెట్టింది.

"నాయుడన్నా, నువ్వు కూడా ఏదైనా నేర్చుకోరాదా? ఖాళీగానే ఉంటావు గదా," అనేది.

"నాకు పని ఉందమ్మా. గంగులు మడమలు చూడాలి," అనేవాడు తవిటినాయుడు.

అనడానికి నవ్వుతూనే అనేవాడు గానీ లోపల కుమిలిపోయేవాడు. పగలంతా ఒకటో గేరులో క్లచ్చి మీద కాలు పెట్టి పెట్టి సాయంత్రానికి పిక్కలు రాళ్లయ్యేవి. అంతకంటే ఎక్కువగా, ఇరవై ఆరేళ్లు నేర్చిన విద్యని ఎవరో చేతుల్లోంచి లాక్కున్నట్టుండేది. లారీలకీ జీపులకీ సాక్షులు దొరక్క అవన్నీ పక్క జిల్లా మీదుగా అరవై కిలోమీటర్లు చుట్టు తిరిగి పోతున్నాయి. రోడ్డు మీద బండ్లే లేకపోవడంతో నలభై రోజుల్లో ఒక్క ప్రమాదమూ జరగలేదు. ఆ విజయానికి చక్రపాణిగారికి రాజధానిలో శాలువా కప్పారు. రాష్ట్రంలోని ఘాట్ రోడ్లన్నిటికీ ఈ పద్ధతి వర్తింపజేసే ఆలోచన ఉందని కూడా ప్రకటించారు.

నలభై మూడో రోజు పొద్దున్న, అంతకు ముందు రాత్రంతా వాన కురిసి వెలిశాక, బస్సు బయల్దేరబోతుంటే నలుగురు మనుషులు ఒక మంచాన్ని మోసుకుంటూ పరిగెత్తుకొచ్చారు. మంచం మీద చిలకమ్మ. ఇరవై రెండేళ్లుంటాయి, తొలి కానుపు. పక్కన ఆమె అత్తగారు, వెనకాల ఊళ్లో నర్సమ్మ.

"బిడ్డ అడ్డం తిరిగిందండి. ఇక్కడ నా వల్ల కాదు, ఆపరేషన్ చెయ్యాలి. గంటలో కింద ఆస్పత్రిలో ఉండకపోతే ఇద్దరూ దక్కరు," అంది నర్సమ్మ.

అంబులెన్సుకి ఫోన్ చేశారట. గెడ్డపాలెంలో బయల్దేరింది, కానీ ఉత్తర్వు ప్రకారం అది పైకి చేరేసరికి పన్నెండున్నర అవుతుంది.

చిలకమ్మని వెనక పొడుగు సీటులో పడుకోబెట్టారు. తవిటినాయుడు స్టీరింగు ముందు కూర్చుని ఎదురుగా చూశాడు. గంగులు జెండా పట్టుకుని రోడ్డు మధ్యలో అడుగు వేయడానికి సిద్ధంగా నిలబడ్డాడు.

"గంగులూ, ఎక్కు," అన్నాడు తవిటినాయుడు.

గంగులు వెనక్కి తిరిగి చూశాడు. లోపలినుంచి చిలకమ్మ కేక వినబడింది. అతను వచ్చి తలుపు దగ్గర మెట్టు మీద కూర్చున్నాడు. సాక్షి బస్సుకి ముందుండాలని నిబంధన కాబట్టి జెండాని మాత్రం చెయ్యి చాపి బయటికి పెట్టాడు.

బస్సు కదిలింది. రెండో గేరు, మూడో గేరు. నలభై మూడు రోజుల తర్వాత తవిటినాయుడి కాళ్లకీ చేతులకీ ప్రాణం లేచివచ్చింది. తొందర పడలేదు. ఎప్పుడూ ఎంతలో దిగేవాడో అంతలోనే దిగాడు. మలుపు మలుపుకీ హారన్ కొట్టాడు. తువ్వాలు వేసి అడ్డదారిన దిగుతున్నవాళ్లు తమ సీట్లు తమని దాటి పోతుంటే నోళ్లు తెరిచి చూశారు.

తొమ్మిదో మలుపులో ఆయన బ్రేకు మీద కాలు వేయాల్సి వచ్చింది. రాత్రి వానకి కొండవైపు నుంచి మట్టీ రాళ్లూ జారి సగం రోడ్డుని కప్పేశాయి. పోవాలంటే లోయ అంచునే పోవాలి. ఆ అంచున గోడ లేదు, ఉన్న నాలుగు డబ్బాలూ మట్టితో పాటే కిందికి పోయాయి. రోడ్డు మీద బురదనీళ్లు పారుతున్నాయి. ఏది రోడ్డో, ఏది గాలో డ్రైవరు సీట్లోంచి తెలియడం లేదు.

"అన్నా, ఆ సందులోంచి బస్సు పోతాదా?" అంది నీలవేణి సన్నటి గొంతుతో.

తవిటినాయుడు కిటికీలోంచి తల బయటపెట్టి అంచు కోసం వెతికాడు. అంతలో గంగులు మెట్టు దిగాడు. కుంటుకుంటూ బురదలోకి వెళ్లి, కాలితో తడుముకుంటూ అంచుకి పోయి, అక్కడ బస్సుకేసి తిరిగి నిలబడ్డాడు. జెండా ఎత్తాడు.

"నాయుడూ! నానున్నంత మేర రోడ్డుంది. నా ఎనకాల నేదు. నన్ను సూసుకుని రా!"

ముప్పై అడుగులు. గంగులు లోయకి వీపు పెట్టి ఒక్కో అడుగూ పక్కకి వేస్తూ అంచు పొడవునా నడిచాడు. బస్సు చక్రం అతని పాదాలకి జానెడు దూరంలో దొర్లింది. తవిటినాయుడు ఆ ముప్పై అడుగులూ రోడ్డుని చూడలేదు, లోయని చూడలేదు. గంగులు మొహాన్నే చూశాడు. ఆ మొహంలో భయం కనబడితే ఆగిపోదామనుకున్నాడు. కనబడలేదు. బస్సు అవతలి గట్టి రోడ్డు ఎక్కాక గంగులు మళ్లీ మెట్టు మీదికి వచ్చి కూర్చుని మోకాలు పట్టుకుని నొక్కుకున్నాడు.

"బాగా నడిసినావురా," అన్నాడు తవిటినాయుడు.

ఎనిమిది యాభైకి బస్సు నేరుగా ఆస్పత్రి గేటులోకి వెళ్లింది. తొమ్మిది నలభై ఆరుకి ఆపరేషన్ బల్ల మీద ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. తవిటినాయుడు, నీలవేణి, గంగులు వరండాలో బల్ల మీద కూర్చుని ఒకే గ్లాసుతో నీళ్లు తాగారు. తర్వాత గంగులు రోజూ చేసినట్టే రిజిస్టరు తీసి ఇరవై మూడు సంతకాలు పెట్టాడు.

గొడవ అంతా ఆ సంతకాలతో వచ్చింది. పది రోజులకి చిలకమ్మ మొగుడు పుట్టిన సర్టిఫికెట్టు కోసం వెళ్తే గుమాస్తా ఇవ్వనన్నాడు. ప్రభుత్వ రికార్డు ప్రకారం ఆ రోజు తొమ్మిది నలభై ఆరుకి తల్లి బస్సులో, ఘాట్ రోడ్డు తొమ్మిదో మలుపులో ఉంది. తల్లి అక్కడుండగా బిడ్డ ఆస్పత్రిలో పుట్టడం కుదరదు. ఫైలు కదిలి కదిలి సంఘం ముందుకి వచ్చింది.

చక్రపాణిగారు తవిటినాయుణ్ణి, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మని, వైద్యశాఖ అధికారిణిని పిలిపించారు. చిలకమ్మ మొగుడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"సార్, తప్పు నాదే," అన్నాడు తవిటినాయుడు. "నలభై ఐదు నిమిషాల్లో దించినాను. ఏం శిక్ష ఏసినా పడతాను. ఆ పిల్లకి కాగితం ఇప్పించండి."

చక్రపాణిగారి మొహం పాలిపోయింది. బస్సు వేగంగా దిగిందని ఒప్పుకుంటే రిజిస్టరు అబద్ధమవుతుంది. రిజిస్టరు అబద్ధమైతే నూటికి నూరు శాతం అమలు అని రాజధానికి పంపిన నివేదిక అబద్ధమవుతుంది. అప్పుడు శాలువా సంగతేమిటి?

"నాయుడుగారూ, నేరాన్ని అంగీకరించే అధికారం మీకు లేదు," అన్నారాయన గట్టిగా. "రికార్డు ప్రకారం మీరు నాలుగు కిలోమీటర్ల వేగంతోనే దిగారు. కావున శిశు జననం తొమ్మిదో మలుపు వద్ద, వాహనమందు సంభవించినదిగా సంఘం నిర్ధారిస్తున్నది."

డాక్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది. "అయ్యా, కడుపు కోసి తీశానండి! ఇరవై కుట్లు వేశాను. బస్సులో ఎవరు వేశారంటారు?"

"అట్టి సాంకేతిక వివరాలలోకి సంఘం వెళ్లజాలదు."

తవిటినాయుడు తలుపు వైపు చూశాడు. చిలకమ్మ మొగుడు చేతులు జోడించాడు. "ఎక్కడ పుట్టిందని రాసినా పరవానేదు బాబూ. పుట్టిందని రాయండి, సాలు."

తవిటినాయుడు ఆరేళ్లలో పన్నెండు అర్జీలు పెట్టినవాడు. కార్యాలయాలకి ఏ భాష అర్థమవుతుందో ఆయనకి ఆ క్షణాన తట్టింది. వైద్యశాఖ అధికారిణి వైపు తిరిగి చాలా వినయంగా అడిగాడు.

"అమ్మా, నాకు తెలీక అడుగుతాను. కానుపు జరిగిన సోటంటే అది మీ శాఖ కిందకే వస్తాది గదా? అక్కడ ఆడకూతురికి మరుగుండాలని రూలేటైనా ఉందా?"

అప్పటిదాకా ఫోను చూసుకుంటున్న అధికారిణి ఒక్కసారి నిటారుగా కూర్చుంది. ఆ సమావేశంలో ఆమె శాఖకి అదే మొదటి అవకాశం. "లేకేమండీ! ప్రసవ స్థలముగా రికార్డులకెక్కిన ప్రతి ప్రదేశమునకు విధిగా నాలుగడుగుల ఎత్తున పక్కా ప్రహరీ ఉండవలెను. లేనిచో సంబంధిత అధికారులపై చర్య తీసుకొనబడును."

"అయితే ముప్పై అడుగులు సాలమ్మా," అన్నాడు తవిటినాయుడు. "లోయ పక్క."

"గోడ విషయం 'ఇతర అంశములు' కింద ఉన్నదే," అని గొణిగాడు విశ్వనాథం.

"అది మీ శాఖలోనండీ. ఇది మా శాఖ," అంది అధికారిణి.

ఆరేళ్లుగా రాని గోడ పందొమ్మిది రోజుల్లో లేచింది. రాయీ సిమెంటూ వేసి, నాలుగడుగుల ఎత్తున, లారీ గుద్దినా కదలనంత గట్టిగా కట్టారు. కూలీలకి నీళ్లు అందించడానికి ప్రతి ట్రిప్పులోనూ బస్సు అక్కడ ఆగేది. అప్పటినుంచి గంగులు ముందు సీట్లో కూర్చుని ప్రయాణం చేస్తున్నాడు. బస్సు రికార్డులో నాలుగు కిలోమీటర్ల వేగంతోనూ, రోడ్డు మీద మామూలుగానూ దిగుతోంది. అడిగేవాళ్లు లేరు, ఎందుకంటే అడిగితే జవాబు రాయాల్సినవాళ్లూ వాళ్లే. మెల్లగా లారీలు కూడా తిరిగి రావడం మొదలుపెట్టాయి. విశ్వనాథం ఒకరోజు ఎవరికీ చెప్పకుండా వచ్చి ఆ తలుపుల్లాంటి బోర్డులన్నీ పీకించేశాడు. మరమ్మతుల కోసమని కాగితాల్లో రాసుకున్నాడట.

కుట్లు మానేదాకా చిలకమ్మ గెడ్డపాలెంలో అక్క ఇంట్లో ఉంది. రెండో నెలలో ఒక మధ్యాహ్నం పాపనెత్తుకుని కొండెక్కడానికి బస్సులోకి వచ్చింది. నీలవేణి తన రెండో స్వెట్టరు అల్లిక విప్పి, ఆ ఊలుతో అల్లిన బుల్లి టోపీ పాప తలకి తొడిగింది. తవిటినాయుడు అద్దంలోంచి రెండుసార్లు చూసి, ఆ తర్వాత రోడ్డు మీద దృష్టి పెట్టాడు.

తొమ్మిదో మలుపు దగ్గరపడుతుండగా గోడ మీద కొత్త బోర్డు కనబడింది. వైద్యశాఖవాళ్లు ఆ పొద్దునే నిలబెట్టి వెళ్లారు. 'ప్రసూతి ప్రదేశం. నిశ్శబ్దం పాటించండి. హారన్ మోగించుట నిషేధం. అతిక్రమించినవారు శిక్షార్హులు.'

ఎదుటి బండి కనిపించని మలుపు అది. హారన్ లేకుండా అక్కడ బస్సు తిప్పడమంటే కళ్లకి గంతలు కట్టుకుని తిప్పడమే.

"అన్నా, బోర్డు సదివినావా?" అంది నీలవేణి.

"సదివినానమ్మా," అన్నాడు తవిటినాయుడు. అరచెయ్యి మొత్తం ఆనించి హారన్‌ని గట్టిగా, పొడుగ్గా నొక్కాడు. కొండంతా మారుమోగింది. మలుపు అవతలినుంచి లారీ హారన్ రెండుసార్లు బదులు పలికింది. లారీ ఆగింది, బస్సు గోడ వారగా మలుపు తిరిగింది. డ్రైవర్లిద్దరూ చేతులెత్తి పలకరించుకున్నారు.

ఆ మోతకి పాప ఉలిక్కిపడి లేచి గుక్కపట్టి ఏడవడం మొదలుపెట్టింది.

"అయ్యో, లేపేసినానా తల్లీ," అన్నాడు తవిటినాయుడు నొచ్చుకుంటూ.

చిలకమ్మ పాపని భుజాన వేసుకుని కిటికీలోంచి గోడని చూపించింది.

"ఏడవనీండి బాబూ. పుట్టినూరొచ్చింది గదా, పలకరిస్తంది."